హేవలాక్ ద్వీపంలో మూడు రోజులు

పోయిన జనవరిలో మా అబ్బాయి నన్నూ మా ఆవిడనూ అండమాన్ తీసుకువెళ్లాడు. పోర్ట్ బ్లెయిర్ పేరును 2024లో శ్రీవిజయపురంగా మార్చారు గాని, ఆటోవాళ్లకు ఇంకా పాత పేరే నోట నలుగుతోంది. విశాఖ నుంచి ఓడలో పోయి స్థిరపడిన మనవాళ్లు అక్కడ చాలామంది. బజారులో శ్రీకాకుళం యాస చెవినబడితే ప్రాణం లేచివచ్చింది. సెల్యులర్ జైలు సంగతి మన సభ్యులకు కొత్తగాదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను పంపింది అండమాన్‌కే. నేను రాయదలచినది మాత్రం హేవలాక్ గురించి.

పడవలో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. 1857 తిరుగుబాటును అణచిన దొర పేరది. 2018లో స్వరాజ్ ద్వీప్ అన్నారు. రాధానగర్ తీరాన్ని 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మేలైనదని రాసిందట. చుట్టూ పెద్ద రిసార్టులు. వాటిలో ఒక రాత్రి అద్దె, నేను గుమాస్తాగా చేరిన కొత్తలో నా ఏడాది జీతం కన్నా ఎక్కువ! మేము చిన్న లాడ్జిలోనే దిగాం.

జపానువారు 1942 మార్చి 23న అండమాన్‌లో దిగారు. 1943 డిసెంబరులో నేతాజీ వచ్చి జెండా ఎగురవేసిన రోజుల్లోనే, ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ నాయకుడు డాక్టర్ దివాన్ సింగ్ ఆ జైల్లోనే చిత్రహింసలు పడుతున్నాడు. 1944 జనవరి 14న మరణించాడు. ఆ నెల 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని కాల్చివేశారు. నేతాజీకి ఈ సంగతులేవీ తెలియనివ్వలేదంటారు.

1945 ఆగస్టు నాటికి మిత్రపక్షాల దిగ్బంధంతో తిండిగింజలు కరువయ్యాయి. పంటలు పండించుకోవచ్చని నమ్మబలికి వందలాది మందిని పడవల్లోకెక్కించారు. మనుషులు లేని హేవలాక్ దగ్గర, చీకట్లో, సముద్రంలోకి తోసేశారు. ఈదుకుంటూ ఒడ్డు చేరినవారు ఆకలికి మాడిపోయారు. అక్టోబరులో బ్రిటిషువారు తిరిగి వచ్చేటప్పటికి బతికి ఉన్నది బహుకొద్దిమంది. ద్వీపంలో ఇప్పుడున్న గ్రామాలు తూర్పు బెంగాల్ కాందిశీకులవి, 1950ల తరువాతివి.

పోతూ పోతూ జపానువారు కాగితాలన్నీ తగలబెట్టారు. రికార్డు సెక్షన్‌లో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసిన నాకు ఈ మాట మనసులో గుచ్చుకుంది. 1977 దివిసీమ ఉప్పెన తరువాత, శవం కూడా దొరకనివారి పేర్లు రాసుకునే డ్యూటీ నాకు పడింది. రేకుల షెడ్డులో కూర్చుని, బతికినవాళ్లు ఒక్కొక్క పేరే చెబుతుంటే రాశాను. కొందరి వయసులు అంచనాయే. ఇంటిపేర్లలో తప్పులు కూడా దొర్లి ఉంటాయి. అయినా పేర్లంటూ ఉన్నాయి.

చివరి సాయంత్రం రాధానగర్ ఇసుకలో కూర్చుని ఇదంతా మా ఆవిడకు చెప్పాను. పిల్లలు నీళ్లలో కేరింతలు కొడుతున్నారు.

"ఎంతమంది పోయారండీ?" అంది.

"ఒక పుస్తకంలో మూడు వందలు, మరో దాంట్లో ఏడు వందలు."

"అంత తేడానా! మీ ఆఫీసులో అయితే ఒప్పుకునేవారా?"

ఒప్పుకునేవాళ్లం కాదు. ఫైలు తిప్పి పంపేవాళ్లం.