రాదారి పడవ మీద గ్రంథాలయం

కృష్ణా పశ్చిమ డెల్టాలో కొల్లూరుకూ పెదవడ్లపూడికీ మధ్య నడిచిన రాదారి పడవల్లో, అంటే రేవు రేవునా మనుషులను దించుకుంటూ ఎక్కించుకుంటూ కాలువ వెంట సాగే ప్రయాణికుల పడవల్లో, 1935 అక్టోబరులో ఒక గ్రంథాలయం వెలిసింది. దానికి తొంభై ఏళ్లు నిండిన ఈ కాలంలో మౌలాలి, మల్కాజిగిరి, నాచారం వంటి సికింద్రాబాదు తూర్పు పేటల నుంచి నాలుగైదు కుటుంబాలు కూడబలుక్కుని రాత్రి రైలెక్కి, రాజమండ్రిలో దిగి పాపికొండల లాంచీ ఎక్కడమో, కోనసీమలోని దిండి దాకా పోయి హౌస్‌బోటు అద్దెకు తీసుకుని ఒక రాత్రి నీటి మీద గడపడమో మామూలు విహారమైంది. నీటి మీది ప్రయాణం తెలుగువారికి కొత్తగా అబ్బిన వినోదమని అనుకునేవారు చాలామందే ఉన్నారు గాని, డెల్టా జిల్లాల్లో దాదాపు నూరేళ్లపాటు పెళ్ళికి వెళ్లినా, తీర్థానికి వెళ్లినా, చదువుకు వెళ్లినా పడవే గతి, పడవే సుఖం.

పూర్వకాలంలో కాలువ ప్రయాణాల ఊసు దాదాపు కనిపించదు. శాతవాహనుల నాణేల మీద ఓడ బొమ్మలున్నాయి. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవుకు వచ్చే వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. అయితే ఇవి సముద్రానికి సంబంధించిన ముచ్చట్లు. రామప్ప, పాఖాల వంటి చెరువుల నుంచి బయలుదేరిన కాలువలు పొలాలకు నీళ్లు మోసినవే గాని మనుషులను మోసినవి కావు. మౌలాలి గుట్ట వంటి రాతి గుట్టలు అడుగడుగునా లేచే పీఠభూమి మీద పడవ నడిచే కాలువ తవ్వడం తేలికైన పనీ కాదు. అందువల్ల ఈ చరిత్ర నిజంగా మొదలయ్యేది పంతొమ్మిదో శతాబ్దపు నడిమి కాలంలో, గోదావరి ఒడ్డున ధవళేశ్వరం దగ్గర.

1847లో ఇంజనీరు ఆర్థర్ కాటన్ అక్కడ మొదలుపెట్టిన ఆనకట్ట, అంటే నది నీటిని నిలిపి కాలువల్లోకి మళ్లించే అడ్డుకట్ట, 1852 నాటికి పూర్తయింది. ఆ ఏడే బెజవాడ దగ్గర కృష్ణ మీద పని ప్రారంభమై, చార్లెస్ ఆర్ పర్యవేక్షణలో 1855లో ముగిసింది. కాటన్ దృష్టిలో కాలువకు రెండు ధర్మాలున్నాయి: ఒకటి పొలానికి నీరివ్వడం, రెండోది ఆ పొలంలో పండిన ధాన్యాన్ని రేవుకు చేర్చడం. రైలుకన్నా నీటి మార్గమే చౌక అని ఆయన జీవితాంతం వాదించాడు, ఆ వాదన మీదనే డెల్టా ప్రధాన కాలువలను పడవలు నడిచేటంత వెడల్పుగా, లోతుగా తవ్వించాడు. ఏలూరు కాలువ గోదావరినీ కృష్ణనూ కలిపింది; కృష్ణ ఆవలి గట్టు నుంచి కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా సాగి బకింగ్‌హాం కాలువను అందుకుంది. 1806లో మద్రాసు నుంచి ఎన్నూరు వైపు చిన్నగా మొదలై అంచెలంచెలుగా పెరిగి, 1876-78 నాటి ధాత కరువులో కూలీల చేత మద్రాసు నగరంలోని భాగాన్ని కూడా తవ్వించుకుని, అప్పటి గవర్నరు పేరు పెట్టుకున్న ఈ ఉప్పునీటి కాలువ వల్ల కాకినాడలో పడవెక్కినవారు రైలు ముఖం చూడకుండానే మద్రాసు చేరగల వీలు కలిగింది.

తెలంగాణకూ ఈ కథలో ఒక భాగముంది. గోదావరి ఎగువ భాగాన్ని పడవ మార్గంగా మలిచి నాగపూరు ప్రాంతపు పత్తిని తీరానికి తెచ్చే ఉద్దేశంతో, భద్రాచలానికి పైన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టా, పక్క కాలువా, పడవలను ఎక్కించి దించే లాకులూ కట్టారు. 1871లో ఆ పథకాన్ని ప్రభుత్వం మధ్యలోనే విడిచిపెట్టింది. ఆ నీటి మార్గం చేయలేకపోయిన పనిని రైలు చేసింది: 1889లో నిజాం రైలు మార్గం సికింద్రాబాదు నుంచి కాజీపేట, డోర్నకల్ మీదుగా బెజవాడకు చేరింది. నేటికీ మౌలాలి మీదుగానే పోయే ఆ పట్టాల వల్ల, దక్కను నుంచి వచ్చిన ప్రయాణికుడు బెజవాడలో రైలు దిగి, కాలువ రేవుకు నడిచి, అక్కడి నుంచి డెల్టాలో ఏ మూలకైనా పడవ మీద పోగలిగే రోజులు వచ్చాయి.

ఆ పడవల్లో అన్నిటికన్నా సుఖమైనది గూటి పడవ. మధ్యలో చెక్కగదిలాంటి గూడు కట్టిన ఈ పడవను పెళ్ళివారు, భీష్మ ఏకాదశికి కోనసీమలోని అంతర్వేది తీర్థం చూడబోయేవారు, పుష్కర స్నానాలకు వెళ్లేవారు అద్దెకు మాట్లాడుకునేవారు. వెనుక చుక్కాని దగ్గర సరంగు, అంటే పడవ నడిపే పెద్ద. గట్టు మీద భుజానికి తాడు వేసుకుని లాగుతూ నడిచే ఇద్దరు మనుషులు. గాలి కలిసివస్తే తెరచాప, గట్టుకు దగ్గరైతే గెడ, అంటే పొడవాటి వెదురు బొంగు: సరంజామా ఇంతే. మనిషి నడిచే వేగమే పడవ వేగం గనుక పాతిక మైళ్ల దూరానికి ఒక రాత్రి పట్టేది. ముసలివాళ్లు గూటిలో నడుం వాల్చేవారు, ఆడవాళ్లు పాటలు అందుకునేవారు, పిల్లలు నీటిలో చేతులు పెట్టి పెద్దల చేత కేకలు తినేవారు. ఈ సంబరమంతా గట్టు మీద తాడు లాగే ఇద్దరి కాళ్ల మీద నడిచిందన్న సంగతిని మాత్రం మరువరాదు. 1934లో తమిళ కవి భారతీదాసన్ మిత్రులతో కలిసి బకింగ్‌హాం కాలువ మీద పడవలో మహాబలిపురం విహారం వెళ్లి, ఆ యాత్ర మీద రాసిన కవితలో పడవ లాగే కూలీల కష్టాన్ని కూడా చెప్పాడు.

దారిలో పిల్లలను నిద్రలేపి మరీ చూపించవలసిన వింత లాకు. డెల్టా భూమి సముద్రం వైపు వాలుగా దిగుతుంది గనుక కాలువ అక్కడక్కడా ఒక్కసారిగా పల్లానికి దిగాలి. ఆ చోట ఎగువన ఒక జత, దిగువన ఒక జత బరువైన తలుపులు పెట్టి, నడుమ రాతిగోడల తొట్టి కట్టారు. పల్లానికి పోయే పడవ తొట్టిలోకి రాగానే వెనుక తలుపులు మూసి, దిగువ తలుపుల తూములు ఎత్తుతారు. నీరు సుడులు తిరుగుతూ బయటికి పోతుంటే తడి గోడలు నెమ్మదిగా పైకి లేస్తున్నట్టు కనిపిస్తాయి, నిజానికి పడవ కిందికి దిగుతూ ఉంటుంది. రెండు వైపులా నీటి మట్టం సమమైన క్షణాన, అంతకుముందు ఎందరు తోసినా కదలని తలుపులు తేలికగా తెరుచుకుంటాయి. ఎగువకు పోయే పడవకు ఇదే పని తలకిందులుగా జరుగుతుంది. యంత్రం లేదు, ఆవిరి లేదు; నీటి బరువును నీటి చేతనే మోయించిన ఈ ఏర్పాటు ముందు నిలబడిన ఎవరికైనా ఆనాటి ఇంజనీర్ల మీద గౌరవం కలగక మానదు.

ఇక పడవ గ్రంథాలయం. ఈ వ్యాసానికి అసలు ప్రాణం అదే గనుక కొంత నిదానంగా చెప్పుకోవాలి. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయాల తొలి మహాసభ జరిగింది. దాని వెనుక ఉన్న శక్తి అయ్యంకి వెంకటరమణయ్య. ఊరూరా గ్రంథాలయం, గ్రంథాలయం పక్కన రాత్రి బడి, చదువు రానివారికి వచ్చినవారు పత్రిక చదివి వినిపించే ఆచారం, పల్లె పల్లె తిరిగే గ్రంథాలయ యాత్రలు: ఇవన్నీ ఆ ఉద్యమం నేర్పిన పద్ధతులు. చదివే మనిషి దగ్గరికి పుస్తకమే నడిచిపోవాలన్నది అందులోని మూలసూత్రం. దుగ్గిరాల దగ్గరి పెదపాలెంలో సేవాశ్రమ వాణీ మందిరాన్ని నడిపిన పాతూరి నాగభూషణం ఆ సూత్రాన్ని కాలువ దాకా తీసుకుపోయాడు.

1907లో పుట్టిన నాగభూషణానికి 1935 నాటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన కళ్ల ముందు ఉన్నది కృష్ణ కుడి గట్టు వెంట సాగే బ్యాంకు కాలువ. వజ్రాల గనుల కొల్లూరు వేరు. పల్నాటిలోని ఆ ఊరితో కలపకుండా, ఇది తెనాలి వైపు కొల్లూరని గుర్తుంచుకోవాలి. అక్కడి నుంచి మంగళగిరి దగ్గరి పెదవడ్లపూడి దాకా నిత్యం రాదారి పడవలు నడిచేవి. రైతులు, బేరగాళ్లు, కచేరీ పని మీద పోయేవారు, పుట్టింటికి పోయే ఆడపడుచులు గంటల తరబడి అందులో కూర్చునేవారు. చేతిలో పని ఉండదు, దిగిపోయే వీలూ ఉండదు. ఊళ్లో ఉన్న గ్రంథాలయానికి పొలం పని మాని రాలేని మనిషి ఇక్కడ తీరికగా, తనంత తానే కుదురుగా కూర్చుని ఉన్నాడన్న సంగతిని పట్టుకోవడమే ఈ ఆలోచనలోని గొప్పతనం. అందుకే పుస్తకాలను పడవ ఎక్కించారు.

బోటు ప్రయాణికుల కోసం ఇటువంటి గ్రంథాలయం నడపడం భారతదేశ గ్రంథాలయ చరిత్రలోనే అరుదైన ప్రయత్నం. దాని విలువ ఎన్ని పుస్తకాలు చేతులు మారాయన్న లెక్కతో తేలేది కాదు. ఒకే పడవలో వేర్వేరు ఊళ్లవాళ్లు, వేర్వేరు కులాలవాళ్లు పక్కపక్కన కూర్చోక తప్పని చోట ఒకరు చదువుతుంటే మిగిలినవారు వినగల అవకాశాన్ని అది కల్పించింది. స్వాతంత్ర్యోద్యమం పల్లెలకు పత్రికల ద్వారానే చేరుతున్న రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. తరువాతి కాలంలో నాగభూషణం విజయవాడలో సర్వోత్తమ భవనాన్ని నిలబెట్టి, గ్రంథాలయ ఉద్యమానికి జీవితమంతా ధారపోసి 1987లో కన్నుమూశాడు. ఆయన చేసిన పనులన్నిటిలోనూ యువకుడిగా కాలువ మీద చేసిన ఈ ప్రయత్నమే అన్నిటికన్నా అందమైనదని చెప్పడానికి సంకోచించనవసరం లేదు.

తెలుగు సాహిత్యమూ ఈ పడవలను గౌరవించింది. 1924లో వెలువడిన మొక్కపాటి నరసింహశాస్త్రి నవల బారిష్టరు పార్వతీశంలో కథానాయకుడు ఇంగ్లండుకు బయలుదేరి నిడదవోలులో రైలెక్కడానికి ముందు చేసేది కాలువ ప్రయాణమే. అతను చేరబోయే ఇంగ్లండులోనూ కాలువల కథ అటువంటిదే. అక్కడి పారిశ్రామిక విప్లవానికి బొగ్గు మోసిన కాలువల మీద కేవలం ఏడడుగుల వెడల్పుండే సన్నని పడవలు నడిచేవి, పడవవాళ్లు కుటుంబాలతో సహా వాటిలోనే కాపురాలుండేవారు. రైలు, లారీ వచ్చి ఆ వృత్తి కూలిపోతున్న సమయంలో, 1944లో ఎల్.టి.సి. రోల్ట్ తన పడవ సంచారం మీద రాసిన పుస్తకం జనాన్ని కదిలించింది. 1946లో కాలువలను కాపాడేందుకు ఒక సంఘం ఏర్పడింది. పూడిపోయిన కాలువలను స్వచ్ఛంద సేవకులు చేతులతో తవ్వి బతికించారు. నేడు అక్కడ మిత్రులు, కుటుంబాలు వారం రోజులకు పడవ అద్దెకు తీసుకుని, తామే చుక్కాని పట్టి, తామే లాకు తలుపులు తోసుకుంటూ మనిషి నడకంత వేగంతో ఊళ్ల మధ్య సాగిపోతారు. గూటి పడవ మాట్లాడుకుని అంతర్వేదికి పోయిన కోనసీమ కుటుంబాలు అనుభవించిన సుఖం దాదాపు ఇదే.

ఇక్కడ అటువంటి సంఘం ఏర్పడలేదు. స్వాతంత్ర్యం తరువాత కాలువ గట్లే రోడ్లయ్యాయి, గట్టు మీద బస్సు నడవడం మొదలయ్యాక కింద పడవ ఎక్కేవారు తగ్గారు. రెండో పంటకు, అంటే దాళ్వాకు, నీరు పెంచవలసి రావడం, పూడిక, గుర్రపుడెక్క, ఎత్తు చాలని వంతెనలు, గట్ల ఆక్రమణలు, చేపల చెరువుల మురుగు ఒకటి తరువాత ఒకటి వచ్చిపడ్డాయి. బకింగ్‌హాం కాలువను 1960ల, 1970ల తుఫానులు దెబ్బతీశాయి. 1957లో ప్రకాశం బ్యారేజి, 1980ల మొదట్లో ధవళేశ్వరంలో కొత్త బ్యారేజి వచ్చాయి గాని పడవలు తిరిగి రాలేదు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఉన్న నీటి మార్గాన్ని నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కాగితం మీది ఆ మార్గంలో చాలా భాగం ఇంకా పడవల కోసం ఎదురుచూస్తూనే ఉంది.

పడవ విహారం మాత్రం కాలువను వదిలి పెద్ద గోదావరికి చేరింది. 1973లో బాపు, ముళ్లపూడి వెంకటరమణల అందాల రాముడు చిత్రం రాజమండ్రి నుంచి భద్రాచలానికి పడవ ప్రయాణాన్నే కథగా చేసుకుంది. 2006లో సికింద్రాబాదు పద్మారావునగర్‌కు చెందిన శేఖర్ కమ్ముల అదే దారిలో గోదావరి చిత్రాన్ని తీశాక హైదరాబాదు యువత పాపికొండలకు బారులు తీరింది. రద్దీతో పాటు నిర్లక్ష్యమూ పెరిగింది. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో, దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగి యాభై మంది దాకా ప్రాణాలు కోల్పోయారు. వారిలో హైదరాబాదు, వరంగల్ ప్రాంతాల నుంచి విహారానికి వచ్చినవారు ఎందరో ఉన్నారు. వరద నదిలో సుడులుంటాయి, తెలియని లోతులుంటాయి. మట్టం అదుపులో ఉండే, రెండు గట్లూ చేతికందే కాలువలో ఆ ప్రమాదం ఎంతో తక్కువ. కుటుంబాలతో, పిల్లలతో పడవ విహారానికి కాలువే తగిన చోటని చెప్పడానికి ఇంతకన్నా వేరే ఆధారం అక్కరలేదు.

మౌలాలి నుంచి గోదావరికి పోయేవారు లైఫ్ జాకెట్ లేని బోటు ఎక్కకూడదు, వరద రోజుల్లో బోటువాడు పిలిచినా పోకూడదు. ధవళేశ్వరంలో ఒక పూట ఆగి కాటన్ మ్యూజియాన్నీ, కాలువల తలదగ్గరి లాకులనూ పిల్లలకు చూపించాలి. రెండు రాష్ట్రాల పర్యాటక శాఖలు పెద్ద పథకాల కోసం చూడనక్కరలేదు. ఆంధ్ర వైపు ధవళేశ్వరం దిగువన ఒక కాలువ, తెలంగాణ వైపు దుమ్ముగూడెం దగ్గర మిగిలిన పాత నిర్మాణాలు చాలు. ఏటా వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే వారాల్లోనే పూడిక తీసి, రెండు మూడు లాకులకు కొత్త తలుపులు బిగించి, పదిమంది పట్టే గూటి పడవలను అద్దెకు నడిపించే పనిని నీటిపారుదల, పర్యాటక శాఖలు కలిసి వెంటనే చేపట్టాలి.