విరేచనాల ఉప్పులో విద్యుత్తు

17వ శతాబ్దంలో ఫ్రాన్సు రేవుపట్నం లా రోషెల్‌లో సెన్యెట్ అనే మందుల తయారీదారు కుటుంబం ఒక ఉప్పు చేసింది. ద్రాక్షసారా పీపాల్లో పేరుకునే టార్టార్ దానికి ముడిసరుకు. విరేచనాల మందుగా పేరుపడ్డ ఆ రోషెల్ ఉప్పులో సోడియం, పొటాషియం ఒకపక్క, చింతపండుకు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లపు సేంద్రియ అణువు ఇంకోపక్క, మధ్యలో నీరు. ఇంటర్ ల్యాబులో ఫెహ్లింగ్ ద్రావణంలో కలిసేదీ ఇదే.

ఈ స్ఫటికాన్ని వేడిచేస్తే విద్యుదావేశం పుడుతుందని 1824లో డేవిడ్ బ్రూస్టర్ రాశాడు. నొక్కినా పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు చూపించారు. అసలు సంగతి 1920లో మినెసోటా విశ్వవిద్యాలయంలో పరిశోధన విద్యార్థి జోసెఫ్ వాలసెక్ కంటపడింది. స్ఫటికానికి వోల్టేజీ పెంచి, మళ్లీ సున్నాకు దించినా లోపలి ధ్రువణం, అంటే ధన, రుణ ఆవేశాలు చెరోపక్కకు జరిగి ఉండే తీరు, పోలేదు. దాన్ని తిప్పాలంటే ఎదురు వోల్టేజీ ఇవ్వాల్సి వచ్చింది. అయస్కాంతంగా మారిన ఇనుము తీరు విద్యుత్తులోనూ ఉందన్నమాట. ఫెర్రోఎలక్ట్రిక్ గుణం మొదట బయటపడింది ఇక్కడే.

ఈ ఉప్పు గుణం మహా పేచీ. మామూలు ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థం ఒక హద్దు దాటి వేడెక్కితే ధ్రువణం పోగొట్టుకుంటుంది, చల్లారిస్తే తెచ్చుకుంటుంది. రోషెల్ ఉప్పుకు రెండు హద్దులు: మైనస్ 18, ప్లస్ 24 డిగ్రీల సెల్సియస్. ఆ మధ్యలోనే దాని స్ఫటిక సౌష్ఠవం ఒక మెట్టు తగ్గి ధ్రువణం నిలుస్తుంది. పైకి వెళ్లినా కిందికి వెళ్లినా పోతుంది. మన ఎండల్లో బల్లమీద పెడితే ఫెర్రోఎలక్ట్రిక్‌గా ఉండనే ఉండదు. పైగా ఎండితే నీరు పోయి పొడి అవుతుంది, తేమ తగిలితే కరుగుతుంది. అయినా మైక్రోఫోన్లలో, గ్రామఫోన్ పికప్పుల్లో దశాబ్దాలపాటు ఇదే పనిచేసింది.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో బేరియం టైటనేట్ వచ్చింది. సిరామిక్కు, తేమకు చలించదు. పరిశ్రమ అటు తిరిగింది. 1956లో బెల్ ల్యాబ్స్ మరో ఫెర్రోఎలక్ట్రిక్ స్ఫటికం ట్రైగ్లైసీన్ సల్ఫేట్‌ను బయటపెట్టినా, అది ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్ల వంటి చోట్లకే పరిమితమైంది. సేంద్రియ, అకర్బన భాగాలు కలిసిన ఈ సంకర స్ఫటికాలను ఇప్పుడు కొత్తవన్నట్టు చెబుతున్నారు గాని, వంశంలో పెద్దవి రోషెల్ ఉప్పు, ఈ సల్ఫేటే.

కొత్త తరానికి దారి వేసింది 1978. ఆ ఏడు జర్మనీలో డీటర్ వెబర్ మిథైల్ అమ్మోనియం లెడ్ అయొడైడ్ తయారుచేశాడు. సీసం, అయొడిన్ కట్టిన పంజరంలో చిన్న సేంద్రియ అయాన్ అటూ ఇటూ తిరుగుతుంటుంది. చల్లబడేకొద్దీ దాని తిరుగుడుకు పగ్గాలు పడతాయి, పంజరమూ వంగుతుంది. ఈ దశామార్పులు సుమారు 54 డిగ్రీల దగ్గర ఒకటి, మైనస్ 111 దగ్గర ఒకటి. ఇది ఫెర్రోఎలక్ట్రిక్కేనా అన్న తగువు ఇంకా తెగలేదు. సౌరఘటాల్లో మాత్రం 2009 నుంచి దీని పేరు మారుమోగుతోంది.

తగువు లేని ఉదాహరణ 2017లో చైనా నుంచి వచ్చింది. మాంగనీస్ క్లోరైడ్ గొలుసుల మధ్య క్లోరిన్ తగిలించిన సేంద్రియ అయాన్‌ను అమర్చారు. నొక్కితే పుట్టే ఆవేశంలో అది బేరియం టైటనేట్‌కు దాదాపు సమానం. ధ్రువణం నిలుపుకోవడంలో ఇంకాస్త మెరుగు, సుమారు 133 డిగ్రీల దాకా. సిరామిక్కును వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కాల్చాలి. ఇది ద్రావణం ఆవిరైతే పెరుగుతుంది, కాబట్టి వంగే ప్లాస్టిక్ మీద పొరగా పరచవచ్చన్న ఆశ.