ఎముక లేని కట్‌లెట్

కట్‌లెట్ అనే మాటకి మూలం ఫ్రెంచిలోని కోత్‌లెత్. చిన్న పక్కటెముక అని అర్థం. ఎముకతో సహా కోసి వేయించిన మాంసం ముక్కకి ఆ పేరు. ఇవాళ సికింద్రాబాదులో చాలా బేకరీల్లో కట్‌లెట్ అడిగితే చేతికొచ్చేది ఆలుగడ్డ, బీన్స్, క్యారెట్, బఠాణీ కలిపి తట్టిన బిళ్ల. ఎముక పోయింది, మాంసం పోయింది, పేరు ఉండిపోయింది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ అదే, లోపలి కోడ్ మొత్తం మార్చేశారు. మరి మార్చిందెవరు? ఆదివారాలు ఇంట్లో రాజ్మాతో, కూరగాయలతో ఈ బిళ్లలు చేస్తుంటాను కాబట్టి ఈ ప్రశ్న నన్ను వదలదు.

పప్పుని బిళ్లగా తట్టి వేయించడం మనకి ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు. బళ్లారి దగ్గర సంగనకల్లులో, దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటి నవీన శిలాయుగపు పొరల్లో, మాడిన పెసలు, ఉలవలు దొరికాయి. 1130 ప్రాంతంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో మినుములతో చేసే వటకాలు, ఘారికలు ఉన్నాయి. ఆ ఘారికే మన గారెకి దగ్గరి చుట్టం. గారెలో అంటించే పదార్థం వేరే అక్కర్లేదు, మినప్పప్పు జిగురే చాలు. హైదరాబాదు ముస్లిం ఇళ్లలో చేసే షామీ కబాబ్‌లో కీమాని శనగపప్పుతో ఉడికించి రుబ్బుతారు. అక్కడ కూడా బిళ్ల విడిపోకుండా పట్టి ఉంచేది పప్పే.

కట్‌లెట్ దారి వేరు. 1798లో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. హుస్సేన్ సాగర్‌కి ఉత్తరాన కంపెనీ పటాలాలు దిగాయి. 1806లో ఆ దండు ఊరికి సికందర్ జా పేరు పెట్టారు. వచ్చింది మద్రాసు సైన్యం. దాని వెనకే తమిళులు, కోస్తా తెలుగువాళ్లు, గుమాస్తాలు, వ్యాపారులు, బట్లర్లు, వంటవాళ్లు వచ్చారు.

ఆ వంటవాళ్ల దగ్గర కాస్త ఆగాలి. తెల్లవాళ్ల వంటిల్లంటే గొడ్డు మాంసం, పంది మాంసం ముట్టుకోవాలి. సవర్ణ హిందువులు ముట్టుకోరు. అందుకని మద్రాసు వైపు దొరల ఇళ్లలో వంట చాలావరకు దళితుల చేతుల్లో, క్రైస్తవుల చేతుల్లో, ముస్లింల చేతుల్లో ఉండేది. నిన్నటి రోస్టు మిగిలితే దాన్ని సన్నగా తరిగి, ఉడికించిన ఆలుగడ్డ కలిపి, గుడ్డు సొనలో ముంచి, రొట్టె పొడి అద్ది వేయించడం ఇంగ్లీషు పొదుపు. ఫ్రిజ్ లేని రోజుల్లో, మన ఎండల్లో, అది అవసరం కూడా. ఆంగ్లో ఇండియన్ ఇళ్లలో ఇదే పొటాటో చాప్ అయింది: బయట ఆలుగడ్డ, లోపల కీమా.

ఇక కూరగాయలు. చిక్కుడు, గోరుచిక్కుడు మన పేర్లు. బీన్స్, క్యారెట్, బీట్‌రూట్, క్యాబేజీ ఇంగ్లీషు పేర్లతోనే మోండా మార్కెట్లో అమ్ముడుపోతాయి. పేరే వాటి రాక గురించి చెప్తోంది. దక్షిణ అమెరికాలో పుట్టిన దుంప కోస్తాలో బంగాళాదుంప అయింది, తెలంగాణలో ఆలుగడ్డ అయింది. బీన్స్, రాజ్మా నిజానికి ఒకే జాతి మొక్క, అదీ అమెరికా నుంచి వచ్చిందే. లేత కాయగా తింటే బీన్స్, ఎండిన గింజగా తింటే రాజ్మా. తద్దినం వంటలో ఇప్పటికీ చాలా ఇళ్లలో ఇవేవీ వాడరు. పితృదేవతలకి ఇవి పరాయి కూరలే.

1874లో సికింద్రాబాదు నుంచి వాడి దాకా రైలు పడింది. లాలాగూడ, మెట్టుగూడ వైపు రైల్వే క్వార్టర్లు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు పెరిగాయి. పటాలం మెస్సులో ఉన్న వంట రైల్వే వంటశాలలోకి చేరడానికి పెద్ద దూరం లేదు. రైల్లో మాంసం తినేవాడికీ తినని వాడికీ ఒకే కౌంటర్ నుంచి పెట్టాలి. ఆకారం మార్చకుండా లోపలి సరుకు మారిస్తే సరి. ఇంగ్లండులో 1847లో ఏర్పడ్డ వెజిటేరియన్ సొసైటీ వాళ్లు కూడా మాంసం మానేసిన వాళ్ల కోసం పప్పు కట్‌లెట్లు చేసుకున్నారు. వాళ్లది వదిలేసిన రుచిని గుర్తుచేసుకోవడం. మన వెజిటబుల్ కట్‌లెట్ తిన్న వాళ్లలో చాలామందికి అసలు రుచే తెలియదు.

అక్కణ్ణించి మన ఇళ్లలోకి వచ్చేసరికి గుడ్డు సొన బదులు మైదా జారు, రొట్టె పొడి బదులు బొంబాయి రవ్వ వచ్చాయి. నా ఉద్దేశంలో ఈ వంటకం చరిత్రలో అసలు విషయం ఇక్కడే ఉంది. ఏ చేతులు ఈ వంటని నేర్చుకుని, మార్చి, ఊళ్లోకి తెచ్చాయో ఆ చేతుల్ని సవర్ణుల వంటింట్లోకి రానివ్వలేదు. వంటకం లోపలికొచ్చింది, వండినవాళ్లు గడప బయటే ఉండిపోయారు. దొరల పేర్లతో, దొరసానుల పేర్లతో వంట పుస్తకాలు అచ్చయ్యాయి. 1878లో వచ్చిన కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్ రాసింది కల్నల్ కెన్నీ హెర్బర్ట్. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ల పేరుతో అలాంటి పుస్తకం ఒక్కటీ నా కంటబడలేదు.

నేను చేసే పద్ధతి కూడా ఈ కలగాపులగమే. రాజ్మాని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్లో మెత్తగా ఉడికిస్తాను. పచ్చి రాజ్మాలో కడుపు పాడుచేసే పదార్థం ఒకటి ఉంటుంది, అది పోవాలంటే కనీసం 10 నిమిషాలు బాగా మరగాలి. ఉడికాక పూర్తిగా వడకట్టాలి, తడి మిగిలితే బిళ్ల నిలవదు. సగం గింజలు మెదిపి, సగం పలుకుగా వదిలేస్తాను. ఆవిరి మీద ఉడికించిన బీన్స్, క్యారెట్ పిండి, అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి, చివర్లో పుట్నాల పొడి. తడిని పీల్చుకుని అంటించే పని అదే చేస్తుంది. ఆలుగడ్డ, గుడ్డు అక్కర్లేదు. పెనం మీద కాసిని నూనె చుక్కలతో రెండు వైపులా కాలిస్తే చాలు. అమెరికా గింజ, ఇంగ్లీషు ఆకారం, షామీ కబాబ్ నుంచి ఎత్తుకొచ్చిన కిటుకు.

ఇప్పుడు ఇవే బిళ్లలు ఫ్రోజెన్ ప్యాకెట్లలో, మొక్కల ప్రోటీన్ అనే కొత్త లేబుల్‌తో, సూపర్ మార్కెట్లో కనిపిస్తున్నాయి. ప్యాకెట్ మీద ప్రోటీన్ గ్రాముల్లో రాసి ఉంటుంది. మీ తాతో, నాయనమ్మో దండు మెస్సులోనో, రైల్వే క్యాంటీన్లోనో, ఎవరో దొర బంగళాలోనో వంట చేసి ఉంటే, వాళ్లు కట్‌లెట్‌లో ఏం వేసేవాళ్లో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడిగి రాసిపెట్టండి. పేరుతో సహా.