నాణెం మీది చేప

బార్బడోస్ డాలరు నాణెం మీద ఎగిరే చేప బొమ్మ ఉంది. దాన్ని పట్టే జాలరి చరిత్ర ఏ దస్తావేజులో ఉంది? నీటిపై తేలవేసిన ఆకుల మోపుల్లో గుడ్లు పెట్టడానికి మూగిన చేపల్ని చిన్న పడవలవాళ్లు వలేసి పట్టారు. ఒడ్డున ఆడవాళ్లు ముళ్లు తీసి అమ్మారు. ట్రినిడాడ్-టొబాగోతో సరిహద్దు వివాదంలో, టొబాగో వైపు శతాబ్దాలుగా వేటాడామని బార్బడోస్ వాదించింది. 2006 ఏప్రిల్ 11న అంతర్జాతీయ మధ్యవర్తుల మండలి ఆ సాక్ష్యం అరకొరదనీ, దూరవేట ఐసు నిల్వచేసే మరపడవలు వచ్చాకే సాగిందనీ అంది. అయినా ఆ జాలరులకు చోటిచ్చే ఒప్పందం కుదుర్చుకోమని రెండు దేశాలకూ చెప్పింది. తీర్పును నేను తప్పుపట్టను. కానీ చెరకుతోటల యజమానుల లెక్కలు భద్రంగా మిగిలిన నేలమీద జాలరి శ్రమకు కాగితం మిగలకపోవడం యాదృచ్ఛికం కాదు. ఆ చరిత్ర రాయడం రచయితల పని.