కేడీ చిట్టా

‘కేడీ’ అన్న మాటను మనం తిట్టుగా వాడుకుంటున్నాం. అది పుట్టింది పోలీసు రిజిస్టరులో. ‘నోన్ డెప్రెడేటర్’, అనగా పోలీసులు ఎరిగిన దొంగ, అన్న ఇంగ్లీషు మాటల పొడి అక్షరాలే కె.డి. ఇందులో గమనించవలసింది ‘ఎరిగిన’ అన్న విశేషణం. కోర్టు నేరం రుజువు చేసిందా అన్న ప్రశ్న లేదు. పోలీసు ఎరిగితే చాలును. మన దేశంలో ప్రభుత్వ నిఘా చరిత్రకు యీ మాటే తాళంచెవి అని నా అభిప్రాయం.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. ఒక తెగ పేరు ప్రకటనలోకి ఎక్కిందంటే అందులో పుట్టినవారిని రిజిస్టరు చేయవచ్చును; పాసు లేకుండా హద్దు దాటితే శిక్షించవచ్చును. ఆ ప్రకటన చెల్లదని కోర్టులో వాదించే వీలు లేదు. 1911 చట్టంతో యిది మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకలవారు గాడిదలమీద ఉప్పూ ధాన్యమూ వేసుకొని ఊరూరా తిరిగి అమ్ముకున్న జనం. రైలుబండీ, సర్కారు ఉప్పు విధానమూ వారి వ్యాపారాన్ని దెబ్బతీశాయి. బతుకుతెరువు పోగొట్టిన ప్రభుత్వమే వారిని దొంగలన్నది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీ కింద ఉంచింది. అక్కడినుంచి చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు వెళ్లారు. నిఘా ఎవరి లాభానికి పనిచేసిందో వేరే చెప్పనక్కరలేదు.

1952లో ఆ చట్టం రద్దయింది. రిజిస్టరు రద్దు కాలేదు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తిని 1941లో బందిపోటు కేసులో పట్టుకొని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా ఆయన పేర హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి చౌకీదార్లూ కానిస్టేబుళ్లూ వచ్చి తలుపు తట్టి నిద్ర లేపుతున్నారనీ, ఊరు విడిచి వెళ్లాలంటే చౌకీదారుకు చెప్పవలసివస్తోందనీ ఆయన సుప్రీంకోర్టుకు మొరపెట్టుకున్నాడు. 1962 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంటిమీదికి రావడం చెల్లదన్నారు. కాని గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదన్నారు. ఇంటిచుట్టూ రహస్య కాపలా, రాకపోకల లెక్క, రాబడి ఖర్చుల విచారణ, అన్నీ నిలిచాయి.

ఆరుగురు న్యాయమూర్తులలో ఇద్దరు దీనికి ఒప్పుకోలేదు. వారి తరఫున తీర్పు రాసినవాడు రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు. వెనకాల కన్ను వెంటాడుతూ వుంటే మనిషి కాళ్లు కదిలినా స్వేచ్ఛగా కదిలినట్లు కాదనీ, గోప్యత వ్యక్తిస్వేచ్ఛలో అంతర్భాగమనీ, ఆ నిబంధన యావత్తూ చెల్లదనీ ఆయన వాదం. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించి, పాత తీర్పులో దానికి విరుద్ధమైన భాగాన్ని కొట్టివేశారు. ఒక సత్యం అల్పసంఖ్యనుంచి బయటపడడానికి యాభైనాలుగేళ్లు దాటింది.

హక్కు దక్కింది గనుక పని అయిపోయిందా? 1885 టెలిగ్రాఫు చట్టంలోని ‘ప్రజా భద్రత’ అన్న సాకు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టంలోనూ పదిలంగా వుంది. ఫోను వినడానికి న్యాయమూర్తి అనుమతి అక్కరలేదు. అనుమానించేది ప్రభుత్వం, అనుమతించేది ప్రభుత్వం, ఆ అనుమతిని సమీక్షించేదీ ప్రభుత్వాధికారులే. చౌకీదారు తలుపైనా తట్టేవాడు. నేటి నిఘాకు చప్పుడు లేదు.

తప్పు చేయనివాడికి భయమెందుకని కొందరు అడుగుతారు. ఎరుకల ఇంట పుట్టిన పసివాడు ఏం తప్పు చేశాడని నేనడుగుతాను. ప్రభుత్వం మనదైతే నిఘా మంచిదేననే మిత్రులూ మనలో వున్నారు. తూర్పు జర్మనీలో స్టాసీ 1950లో మొదలై, 1989 నాటికి తొంభైవేల మంది ఉద్యోగులతో తన ప్రజలమీదనే కన్నువేసింది. అది సోషలిజాన్ని కాపాడలేదు. ప్రజలను దానికి దూరం చేసింది.

గోప్యత పెద్దింటివారి పరదా కాదు. నిఘా మొదట పడింది పేదవాడి గుడిసెమీద. సంఘం పెట్టుకునే కూలీకీ, యజమానికి తెలియకుండా సమ్మె మాట్లాడుకునే కార్మికుడికీ అది బతుకు అవసరం. అందుచేత మనం అడగవలసింది యిది: వినకముందు న్యాయమూర్తి అనుమతి; విన్న తరువాత, విన్నట్టు ఆ మనిషికి తెలియజేయడం. ఏ ప్రభుత్వం వచ్చినా యిదే అడగాలి.