గిరణ్‌గావ్: నడక మీద నిలిచిన మిల్లుల పేట

మూతపడిన కర్మాగారాల స్థలాలను జనం కాలినడకన తిరగగల పేటలుగా మలచే అవకాశం మన దేశంలో భారీగా ముంబయి నడిబొడ్డున, గిరణ్‌గావ్‌లో వచ్చింది. మరాఠీలో గిరణీ అంటే మిల్లు. పరేల్, లాల్‌బాగ్, వర్లీ పరిసరాల్లో సుమారు 600 ఎకరాలు ఆక్రమించిన నూలుమిల్లులనూ, వాటి చుట్టూ అల్లుకున్న కార్మిక వాడలనూ కలిపి ఆ పేరుతో పిలిచేవారు. నడకకు అనువైన పేటను ఇక్కడ ఎవరూ కొత్తగా సృష్టించనక్కరలేదు. అది అంతకుముందే ఉంది, దాన్ని నిలుపుకోవడమే ఆ నగరం ముందున్న పని.

నగరంలో మిల్లుల చరిత్రకు నాందిగా, పార్సీ వర్తకుడు కావస్‌జీ నానాభాయ్ దావర్ 1854లో స్థాపించిన బాంబే స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ 1856లో తార్‌దేవ్‌లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1861-65 మధ్య జరిగిన అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండుకు అక్కడి పత్తి ఆగిపోగా, బొంబాయి వర్తకులు ముడిపత్తి ఎగుమతిలో విపరీతంగా గడించారు. యుద్ధం ముగిసి ధరలు కుప్పకూలాక, 1870ల నుంచి మిల్లుల నిర్మాణం ఊపందుకుంది. కొంకణ తీరంలోని రత్నగిరి నుంచీ, సతారా, కొల్హాపూర్ ప్రాంతాల నుంచీ రైతు కుటుంబాల మగవాళ్ళు కూలికి తరలివచ్చారు. నిజాం రాజ్యంలోని తెలంగాణ జిల్లాల నుంచి వెళ్ళిన పద్మశాలీలకు మగ్గం పని పుట్టుకతో అబ్బిన విద్య కావడంతో వాళ్ళు నేత విభాగాల్లో కుదురుకున్నారు.

గిరణ్‌గావ్ నడక పేట కావడానికి కారణం నగర ప్రణాళిక కాదు, పని పద్ధతి. మిల్లులో శాశ్వత ఉద్యోగం లేని కార్మికుణ్ణి బద్లీ అనేవారు. సెలవు పెట్టిన వాడి స్థానంలో ఆ పూటకు తనను తీసుకుంటారేమోనని అతడు రోజూ పొద్దున్నే మిల్లు గేటు దగ్గర నిలబడాలి, దూరంలో కాపురముంటే ఆ కూలి దక్కదు. కార్మికుల్లో తొంభై శాతం మంది పనిచోటికి పావుగంట నడకలోపే నివసించేవారని చరిత్రకారుడు రాజ్‌నారాయణ్ చందావర్కర్ బొంబాయి కార్మికవర్గంపై చేసిన అధ్యయనంలో నమోదు చేశారు. వాళ్ళుండే చాల్ అంటే వరసగా ఒంటిగదులు, ముందు పొడుగాటి ఉమ్మడి వసారా, ఉమ్మడి మరుగుదొడ్లు ఉండే భవనం. 1920లలో ప్రభుత్వం కట్టించిన బి.డి.డి. చాళ్ళలో గది వైశాల్యం 160 చదరపు అడుగులు. ఒక్క గదిలో పదిమంది సర్దుకోవడమూ, పగటి షిఫ్టు వాడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టు వాడు పడుకోవడమూ అక్కడ మామూలు కాబట్టి, ఆ జీవితాన్ని బంగారు కాలమని పొగడటం అన్యాయమే అవుతుంది. అయినా గది పట్టని బతుకు వీధిలోకి వచ్చి వీధినే ఇల్లుగా చేసుకుంది. కుటుంబాన్ని ఊళ్ళో వదిలి వచ్చిన వాళ్ళకు నెలవారీ లెక్కన భోజనం పెట్టే ఆడవాళ్ళ వంటిళ్ళను ఖానావళ్ళు అనేవారు. అలా వండిపెట్టే స్త్రీలను కూడగట్టి ప్రేమా పురావ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండల్ స్థాపించారు. బోంగా అని పిలిచే మిల్లు కూత షిఫ్టులతోపాటు వంటిళ్ళనూ, అంగళ్ళనూ, బడులనూ నడిపించేది.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు మొదలుపెట్టిన సమ్మెను లాంఛనంగా ఎవరూ విరమించలేదు. అప్పటికే పాత యంత్రాలతో, మరమగ్గాల పోటీతో కుంగిన మిల్లులు ఆ తర్వాత తేరుకోలేదు, యజమానులకు బట్ట కంటె నేల ఎక్కువ లాభసాటిగా కనిపించసాగింది. 1991 నాటి అభివృద్ధి నియంత్రణ నియమావళిలోని 58వ నిబంధన ప్రకారం, అమ్మకానికో పునర్నిర్మాణానికో పూనుకున్న మిల్లు భూమిని ఇంచుమించు మూడు భాగాలు చేసి, ఒకటి ఉద్యానాల, మైదానాల కోసం నగర పాలక సంస్థకు, ఒకటి సామాన్యుల ఇళ్ళ కోసం రాష్ట్ర గృహనిర్మాణ సంస్థకు ఇచ్చి, మిగిలినది యజమాని ఉంచుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వం 1996లో నియమించిన, వాస్తుశిల్పి చార్లెస్ కొరియా సంఘం, ప్రభుత్వ రంగ మిల్లుల భూముల్లో ప్రజలకు దక్కే ముక్కలను ఎక్కడివక్కడ వదిలేయక ఒకచోటికి కూర్చాలనీ, పరేల్, ఎల్ఫిన్‌స్టన్ రోడ్ రైల్వేస్టేషన్ల దగ్గర పాదచారులకు విశాలమైన చోటు కల్పించాలనీ సూచించింది. నగర చరిత్రలో అంత ఆచరణయోగ్యమైన పత్రాలు అరుదు. అది అమలుకు నోచుకోలేదు.

2001లో నిబంధనను సవరించి, పంచవలసింది మొత్తం మిల్లు భూమిని కాదనీ, కట్టడాలు లేని ఖాళీ జాగాను మాత్రమేననీ నిర్ణయించడంతో, షెడ్లతో కిక్కిరిసిన ఆవరణల్లో ప్రజల వాటా నామమాత్రంగా మిగిలింది. పర్యావరణవాదులు వేసిన వ్యాజ్యంలో బొంబాయి హైకోర్టు 2005లో వాళ్ళ పక్షాన తీర్పు చెప్పగా, 2006 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చి సవరణను సమర్థించింది. అసలు మలుపు సమ్మె దగ్గర కంటె ఈ సవరణ దగ్గరే ఉంది.

ఫీనిక్స్ మిల్లు ఆవరణ మాల్‌గా మారి, దాని పొగగొట్టం మధ్యలో అలంకారమై నిలిచింది. మిగతా ఆవరణలు ఒక్కొక్కటిగా కార్యాలయ భవనాలూ ఆకాశహర్మ్యాలూ అయ్యాయి. పాత ప్రహరీ గోడలను తొలగించి ఆవరణల గుండా కొత్త వీధులు వేసి ఉంటే నాలుగు వాడలు కలిసేవి. చాలాచోట్ల గోడలు కావలి మనుషులతో సహా కొనసాగాయి, ఉద్యోగుల రద్దీ అంతా మిల్లుల కాలపు ఇరుకు రోడ్ల మీదా స్టేషన్ల మీదా పడింది. 2017 సెప్టెంబరు 29 ఉదయం వానలో, ఎల్ఫిన్‌స్టన్ రోడ్, పరేల్ స్టేషన్లను కలిపే సన్నటి పాదచారుల వంతెన మీద తొక్కిసలాట జరిగి ఇరవైమందికి పైగా మరణించారు. కొరియా సంఘం నడిచేవాళ్ళకు చోటు అడిగింది ఆ స్టేషన్ల దగ్గరే.

మూతపడిన మిల్లుల కార్మికుల కోసం 225 చదరపు అడుగుల ఇళ్ళను 2012 నుంచి లాటరీ పద్ధతిలో కేటాయిస్తున్నారు. దరఖాస్తులు లక్ష దాటాయి గానీ మిల్లు భూముల్లో దక్కిన జాగా వాళ్ళలో కొద్దిమందికే సరిపోవడంతో, 2016 నాటి లాటరీలో రెండువేలకు పైగా ఇళ్ళను పన్వేల్ దగ్గరి కోన్ గ్రామంలో చూపించారు. అక్కడి నుంచి పరేల్ చేరాలంటే రైలు ప్రయాణానికే గంట దాటుతుంది.