టైఫాయిడ్ మేరీకి పని ఎవరిస్తారు?

నలుగురికీ రోగం అంటించే మనిషిని ఇంగ్లీషులో 'టైఫాయిడ్ మేరీ' అంటుంటారు. తిట్టుగా మారిపోయిన ఆ పేరు వెనక నిజంగానే ఒకావిడ ఉంది. అసలు పేరు మేరీ మాలన్. ఐర్లాండ్ నుంచి అమెరికా వచ్చి, న్యూయార్క్‌లో డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో వంట చేసుకుని బతికేది.

1906 వేసవిలో ఆయిస్టర్ బే అనే ఊళ్ళో ఆమె వంట చేస్తున్న ఇంట్లో 11 మంది ఉంటే ఆరుగురికి టైఫాయిడ్ వచ్చింది. కారణం వెతకడానికొచ్చిన జార్జ్ సోపర్ అనే శానిటరీ ఇంజనీరు, ఆమె అంతకుముందు పనిచేసిన ఇళ్ళ వివరాలన్నీ కూపీ లాగాడు. చాలా ఇళ్ళలో అదే కథ! మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే పాత లాగ్‌లన్నీ తిరగేసి బగ్ పట్టుకున్నాడన్నమాట. మేరీ మాత్రం నమ్మలేదు. ఒంట్లో ఏ నలతా లేని మనిషిని పట్టుకుని నీలో రోగం ఉందంటే ఎవరు మాత్రం నమ్ముతారు చెప్పండి?

1907లో నగర ఆరోగ్యశాఖ వాళ్ళు పోలీసులతో వెళ్ళి ఆమెని పట్టుకుని, నార్త్ బ్రదర్ అనే దీవిలో ఉంచారు. కోర్టుకెక్కినా లాభం లేకపోయింది. ఇంక వంట చెయ్యనని మాట తీసుకుని 1910లో వదిలారు. బట్టలుతికే పనిలో చేరింది గానీ, అందులో వంటకొచ్చే డబ్బులు రావు. 1915లో పేరు మార్చుకుని ఓ ప్రసూతి ఆసుపత్రిలో వంట చేస్తూ దొరికింది. అక్కడ 25 మందికి టైఫాయిడ్ సోకింది, ఇద్దరు పోయారు. మళ్ళీ దీవికే పంపారు. 1938లో చనిపోయేదాకా అక్కడే.

బాలింతలున్న చోట మాట తప్పి వంట చెయ్యడం తప్పే, నేను వెనకేసుకురావట్లేదు. కానీ జబ్బు లేకుండా క్రిములు మోసేవాళ్ళు ఆ నగరంలోనే వందలమంది బయటపడ్డారు. వాళ్ళనెవర్నీ ఇలా జీవితాంతం బంధించలేదు. 1924లో ఒక బేకరీ యజమాని ఇలాగే ఆంక్ష మీరి దొరికితే, వ్యాపారం ఫోన్లో చూసుకుంటానన్న మాట మీద వదిలేశారు. వంటమనిషి ఫోన్లో వంట చెయ్యలేదు కదా!

2020 లాక్‌డౌన్‌లో మనం చూసిందీ ఇదే. నాలాంటి వాళ్ళం ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ మీద పని చేసుకున్నాం. వలస కూలీలు పిల్లల్ని చంకనేసుకుని వందల మైళ్ళు నడిచారు. అందరికీ ఒకటే రూలు, కానీ దాన్ని పాటించడానికయ్యే ఖర్చు ఒకటి కాదు.

అంటురోగాన్ని ఆపాలంటే ఆంక్షలు తప్పవు, ఒప్పుకుంటాను. అయితే పని మానెయ్యమని చెప్పే అధికారం ఉన్నవాళ్ళకి, ఆ పూట తిండి సంగతి చూసే బాధ్యత కూడా ఉండాలని నా ఉద్దేశం. మేరీకి ఆ జీతం వచ్చే మరో పని చూపించి ఉంటే ఆ ఇద్దరూ బతికేవారేమో!